నమ్మశక్యం కాని ఇల్లు

శనివారం పొద్దున్నే టీచరమ్మ భోజనాల బల్ల మీద వ్యాసాల కట్ట పరిచి, ఎర్ర పెన్ను మూత తీసింది. స్కూల్లో ఆఖరి సంవత్సరం పిల్లలవి. వచ్చే ఏడు కాలేజీకి వెళ్లేవాళ్లకి చదవడం, రాయడం నేర్పే క్లాసు ఆవిడదే. ఇన్నాళ్లూ బట్టీ పట్టి నెట్టుకొచ్చిన పిల్లలు. కాలేజీలో ఆ పప్పులుడకవు. అందుకే రోజూ బోర్డు మీద ఒకటే ప్రశ్న రాస్తుంది: "నీకెలా తెలుసు?"

వ్యాసాలు కంప్యూటర్లో కొట్టి తెమ్మంటుంది. పేర్లుండవు. చీటీ తీస్తే వచ్చిన నంబరే ఉంటుంది. కొడుకు అదే క్లాసులో ఉన్నాడు మరి. సొంతవాడికి మార్కులు వేసుకుందన్న మాట పడటం ఆవిడకి సుతరామూ ఇష్టం లేదు.

అక్క టీ తెచ్చింది. భర్త పోయాక ఈ ఇంటికొచ్చి, వంటిల్లు నెత్తినేసుకున్న సొంత అక్క. గ్లాసు బల్ల అంచుకి తగిలింది. టీ తొణికి ఓ కాగితం మీద పడింది.

"అబ్బా, చూసుకోవక్కా! వేలు కూడా ముంచి తెచ్చావు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఉండు, తుడుస్తా."

"వద్దు, ఇంకా పులుముతావు. నా కళ్లజోడు చూశావా?"

"లేదే."

"నీ నెత్తి మీదే ఉందమ్మా," అన్నాడు అప్పుడే నిద్ర లేచి వచ్చి కుర్చీలో కూర్చున్న కొడుకు.

టీచరమ్మ తడుముకుని నవ్వేసింది. "ఎదురుగా నిలబడి లేదంటావేంటక్కా! సరే, ఇది విను. నిన్న క్లాసులో చదివితే పిల్లలు పడీ పడీ నవ్వారు. వీడొక్కడే మొహం మాడ్చుకుని కూర్చున్నాడు."

టీ పడిన కాగితమే తీసి చదివింది.

"'మా ఇంట్లో ఒక మనిషికి ఒక కన్ను కనబడదు, రెండోది మసకేసింది. ఏడాదైనా ఎవరూ గమనించలేదు. ఆ మనిషితో ఇంట్లో అందరూ మాట్లాడతారు. అన్నీ పనుల మాటలే. ఎలా ఉన్నావని అడిగిన పెద్దవాళ్లు లేరు. మనిషిని గెంటెయ్యకుండానే ఇంట్లో లేకుండా చెయ్యొచ్చు.'"

"చదివావుగా, ఇక చాలమ్మా," అన్నాడు కొడుకు.

"ఉండరా. వాక్యం బాగుంది, విషయమే తేలిపోయింది. ఒకే కప్పు కింద ఉంటూ కన్ను పోయిన సంగతి తెలియకపోవడమేంటి? కన్నీళ్లు పిండటానికి అల్లినట్టుంది. నువ్వే చెప్పక్కా, ఏ ఇంట్లోనైనా ఉంటుందా ఇలా?"

అక్క తలుపుకి చెయ్యి ఆనించి నిలబడింది. "ఎన్ని మార్కులేశావు?"

"పదికి నాలుగు. 'నమ్మశక్యం కాదు. ఉదాహరణలు చాలవు' అని కింద రాశాను."

"అబద్ధమైతే తగ్గించాల్సిందేలే," అని అక్క గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్లింది. గోడ మీద ఆ చెయ్యిని టీచరమ్మ చూసింది. రోజూ చూస్తున్నదే.

కొడుకు లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది.

"ఆ వ్యాసం నాదమ్మా."

"నీదా?" నవ్వు ఇంకా పెదాల మీదే ఉంది. "అయితే ఆ మనిషి..."

వంటింట్లో గిన్నె చప్పుడైంది.

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్పనని పెద్దమ్మకి మాటిచ్చాను. రాయనని ఇవ్వలేదు. చదివితే నీకే తెలుస్తుందనుకున్నా. చదివావు. క్లాసంతా నవ్వేలా చదివావు. ఇప్పుడు పెద్దమ్మకే వినిపించావు."

"మా అక్క గురించని నేనెలా అనుకుంటానురా?"

"నేను రాసిందీ అదే."

"నీకెలా తెలుసు అసలు?" అలవాటైన ప్రశ్న అలవాటుగా నోరు జారింది.

"అడిగాను," అన్నాడు వాడు. "అన్నంలో రాయి వస్తే నువ్వు అరిచావు. నేను అడిగాను. సోమవారం ఆపరేషన్. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా వచ్చి సంతకం పెట్టాలి. నాది చెల్లదన్నారు. నీకు క్లాసులున్నాయని పెద్దమ్మ ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేయించింది. ఇంకా ఆలస్యమైతే ఆ కన్ను దక్కదని డాక్టరు చెప్పేశారు."

టీచరమ్మ వంటింటి వైపు చూసింది. గ్లాసు ఎంత నిండిందో తెలియడానికి ఆ వేలు. గుమ్మం ఎక్కడుందో తెలియడానికి ఆ చెయ్యి. ఇంతకాలం అన్నీ కళ్లెదుటే ఉన్నాయి. కనబడిన ప్రతిదాన్నీ ఆవిడ తప్పుగా లెక్కేసి ఎర్ర గీత కొట్టింది, అంతే.

వంటింట్లోకి వెళ్లింది. అక్క ఇంకో గ్లాసులో టీ పోస్తోంది. చూపుడువేలు అంచు లోపల ఉంది.

"అక్కా."

"కళ్లజోడు దొరికిందిగా. ఇంకేం కావాలి?"

ఏడుపు తన్నుకొచ్చింది. మింగేసింది. ఇప్పుడు ఏడిస్తే ఓదార్చే పని కూడా అక్క మీదే పడుతుంది.

"ఎంత కనబడుతోంది నీకు?"

అక్క గిన్నె దించి, చెయ్యి తుడుచుకుంది. తొందరపడలేదు.

"మనిషి ఉన్నట్టు తెలుస్తుంది. మొహం తెలీదు. గొంతుని బట్టి పోల్చుకుంటా. కసిరితే నువ్వే."

"ఒక్క మాట చెప్పకూడదా నాకు?"

"చెప్పబోయాను. తర్వాత చెప్పక్కా అన్నావు. నీ తర్వాత ఎప్పుడొస్తుందో నాకు అంతుబట్టలేదు."

టీచరమ్మ దగ్గరికి జరిగింది. టీ మరకైన చేతిని అక్క చేతి మీద వేసింది. అక్క తీసెయ్యలేదు. పట్టుకోనూ లేదు.

"సోమవారం నేనొస్తాను."

"మరి క్లాసు?"

"చదవడం ఆ పిల్లలకి నాకంటే బాగానే వచ్చు."

అక్క ముక్కుతో నవ్వింది. "వస్తే రా. అక్కడ కూర్చుని వ్యాసాలు మాత్రం దిద్దకు." మెల్లగా వేళ్లు మూసింది. చెల్లెలి చెయ్యి వాటి మధ్య ఉండిపోయింది.

ముందు గదిలోకి వచ్చేసరికి కొడుకు పడిపోయిన కుర్చీని లేపి, బల్ల తుడుస్తున్నాడు. టీచరమ్మ ఆ కాగితం దగ్గరికి లాక్కుంది. తను రాసిన 'నమ్మశక్యం కాదు' మీద టీ చారిక పాకినా అక్షరాలు చెరగలేదు. వాటిని కొట్టెయ్యడానికి పెన్ను ఎత్తింది. అక్షరాలు అలుక్కుపోయి కనబడ్డాయి. కళ్లు తుడుచుకుంది.

"కొట్టెయ్యకమ్మా," అన్నాడు వాడు. గొంతులో కోపం తగ్గింది కానీ పోలేదు. "ఉదాహరణలు చాలవన్నావుగా. ఇదొకటి చేర్చుకుంటా."

టీచరమ్మ పెన్నుకి మూత పెట్టేసింది.