పత్తి గోదాం దగ్గర ఏడుపు

మా ఊరు పెద్ర మోల్ నుంచి ఆనకట్టకి పోయే దారిలో, మలుపు తిరగ్గానే పాడుబడ్డ పత్తి గోదాం ఒకటుంది. పొద్దు గూకితే అటు కుక్క కూడా పోదు.

అక్కడ ఏదో ఏడుస్తుంది... సన్నగా, ఆగి ఆగి.

ఏడ్చేది ఎవరన్న దగ్గరే ఊరు చీలిపోయింది. కరువులో నీళ్ళు దొరక్క పోయిన కూలామె అని ముసలాళ్ళు. తూకంలో మోసం చేసి పోయిన మేస్త్రి అని కూలీలు. అక్కడ వీధి దీపం వేయిస్తానని ఓట్లు అడిగిన పెద్దమనిషైతే, గెలిచాక, "వెలుతురుంటే దెయ్యానికి ఇబ్బందట, పోనీలే పాపం" అన్నాడు.

అందరికంటే ఎక్కువ చెప్పేది కసాయి అదౌతు. కత్తి నూరుతూ, గొంతు తగ్గించి, "నా మాట వినండి... చీకటి పడ్డాక అటు పోకండి" అనేవాడు. పిల్లలు పక్క తడిపేవాళ్ళు.

ఆ ఏడుపు దగ్గరిదాకా పోయొచ్చింది మాత్రం మా జొవెలీనా పిన్నే. ఆమె చెప్పిందే నేను చెప్తున్నా.

పిన్ని గట్టి మనిషి. ముప్పై ఏళ్ళుగా మేకల్ని పెంచి కసాయికి తోలిన చెయ్యి. బాబాయి పోయిన రోజు కూడా, వచ్చినవాళ్ళకి కాఫీ సరిపోతుందా అని చూసిందేగానీ కన్ను తడి చేసుకోలేదు. దాంతో ఊళ్ళో గొప్ప పేరు. మా దగ్గర ఏడవనివాళ్ళకే పెద్దరికం మరి.

ఆ ఏడు వాన రాలేదు. ముళ్ళు కాల్చి నాగజెముడు మేకలకి వేస్తున్న రోజులు. పిన్నిది ఎర్రమేక మూడు పిల్లల్ని ఈనింది. మూడోది రెండు దోసిళ్ళంత లేదు. తల్లి ఒకసారి వాసన చూసి, కాలితో నెట్టేసింది.

"పారెయ్ వదినా," అన్నాడు అదౌతు గోడ మీంచి. "మా పిల్లికి ఇంతకంటే కండ ఉంది."

"నీ కత్తి సంగతి నువ్వు చూసుకో."

పిన్ని దాని నోట్లో వేలు పెట్టి చూస్తే చల్లగా ఉంది. గోనెపట్టతో ఒళ్ళంతా రుద్దింది. తల్లిని కట్టేసి ముర్రుపాలు పిండి, గుడ్డ ముంచి, చుక్క చుక్కగా నాకించింది. పొయ్యి పక్కన పెట్టెలో పడుకోబెట్టింది. రాత్రి మూడుసార్లు లేచేది. పాలు ముక్కులోకి పోతే తలకిందులు చేసి వీపు మీద తట్టేది.

ఊళ్ళో ఒకటే నవ్వులు. "జొవెలీనా మళ్ళీ బాలింతయింది!"

"జ్ఞానస్నానం ఎప్పుడు వదినా? జ్ఞానతండ్రిగా నేనే నిలబడతా," అనేవాడు అదౌతు, అంగట్లో పదిమందికీ వినపడేలా.

ఆరో రోజు అది లేచి నిలబడింది. నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకి పోయాయి. తొమ్మిదో రోజు వంటింటి గడప దాకా నడిచొచ్చి, పిన్ని పావడా అంచు చీకింది. ఆ రోజు పిన్ని పాడిందట. ఆమె పాట మేమెవరమూ ఎప్పుడూ వినలేదు.

పదకొండో రోజు పొట్ట ఉబ్బింది. పాలు తాగలేదు. తెల్లారుతుండగా, పిన్ని వేలు నోట్లో పెట్టుకునే కన్ను మూసింది.

పొద్దున కొట్లో కాఫీ పొడి కొంటూ, "పోయింది," అంది పిన్ని. అంతే.

"మనిషంటే అలా ఉండాలి!" అన్నారంతా.

కానీ పిన్నికి ఏడుపొస్తోంది. ఇంట్లో ఏడుద్దామా అంటే, మావి దగ్గితే పక్కింట్లో వినపడే గోడలు. ఊరు మొత్తానికి మనుషులు రాని చోటు ఒక్కటే ఉంది...

ఆ రాత్రే పిల్లని బాబాయి పాత చొక్కాలో చుట్టి, పార భుజాన వేసుకుని, గోదాం వెనక్కి పోయింది. గుంట తీసింది. పూడ్చింది. కూలబడింది. పావడా అంచు నోట్లో కుక్కుకుని మొదలుపెట్టింది—

గోడకి అవతల ఇంకెవరో ఏడుస్తున్నారు.

బొంగురు గొంతు. ఎగపీల్చి, ఎగపీల్చి...

పిన్ని లేచింది. పార పట్టుకుని, గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేసి... మూల మీంచి తొంగి చూసింది.

నేల మీద తెల్లగా ఒక ఆకారం.

"ఎవరది...?"

"నువ్వా వదినా...?"

అదౌతు! రక్తం మరకల ఏప్రన్ కట్టుకునే ఉన్నాడు.

"గాలి కోసమని వచ్చా," అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

"ఈ వేళప్పుడా?"

"నువ్వేం చేస్తున్నావ్ మరి?"

"పార పదును చూస్తున్నా."

తర్వాత అదౌతే గొణిగాడు.

"నా గాడిద... బరోనెజా. పదహారేళ్ళు నాతో తిరిగింది వదినా. అది చచ్చిన రోజు కూడా అంగడి తెరిచా. తెరవకపోతే నవ్వుతారని."

"అందుకా ఊరంతా దెయ్యం దెయ్యం అని చాటావ్?"

"జనం ఇటు వస్తే నేనెక్కడికి పోనూ?"

పిన్నికి నవ్వొచ్చింది. అతనికీ వచ్చింది. అంతలో అదౌతు అడిగాడు.

"పిల్లకి పేరు పెట్టావా?"

"పెట్టలేదు. పెడితే ఉండదేమోనని..."

"పెట్టకపోయినా ఉండలేదుగా వదినా."

అప్పుడు పగిలింది పిన్ని. ఏమీ అడ్డం పెట్టుకోకుండా, సిగ్గు లేకుండా. పక్కన కూచుని అదౌతూ గొంతు కలిపాడు. మేకపిల్లకి, గాడిదకి, బాబాయికి, ఎవరెవరికి బాకీ ఉందో అందరికీ ఏడ్చారు. ఏడ్చి ఏడ్చి, ఆపారు.

ఏడుపు ఆగలేదు.

గోదాం లోపల్నుంచి... సన్నగా... ఆగి ఆగి...

అదౌతు పిన్ని చెయ్యి పట్టుకున్నాడు. "మనిద్దరం... ఆపేశాం కదా?"

"ఆపేశాం."

తలుపుకి బయట తాళం. తుప్పు పట్టి తలుపుకే అతుక్కుపోయింది.

పరిగెత్తుదామని అదౌతు లాగాడు. పిన్ని కదల్లేదు. కాసేపు విని, తలుపు దగ్గరికి పోయి, నోరు ఆనించి నెమ్మదిగా అంది—

"మేం వెళ్ళిపోతున్నాం తల్లీ... మొహమాటపడకు."

లోపల ఏడుపు ఒక్క క్షణం ఆగింది.

తర్వాత, ఇన్నాళ్ళూ బిగబట్టుకున్నదంతా వదిలేసి, గొంతెత్తి మొదలుపెట్టింది.