చెలక దాకా అందే వైఫై

ఇంకాస్త దగ్గరికి జరగండమ్మా, వెనక కూర్చున్నవాళ్లకూ వినబడాలి. కురవి వీరన్న మనందరినీ చల్లగా చూడాలి.

ఆ రోజు మహేందర్‌కు ఒళ్లంతా పులిసిపోయింది. గూడూరు చుట్టుపక్కల ఊళ్లలో వైఫై పెట్టేది అతనొక్కడే. పొద్దుటి నుంచి స్తంభాలెక్కి, దిగి, దీపాలు పెట్టే వేళకు అడవి అంచునున్న మంజుల ఇంటికి చేరాడు. ముసురు. తడిమట్టి వాసన. వాకిట్లో గోడ మీద విస్తరి పరిచి ఉంది. అందులో అన్నం, కోడికూర పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"పొద్దుగాల పెట్టినం తమ్మీ. పిట్ట ముడ్తలేదు," అంది మంజుల.

ఆమె భర్త ఐలేశ్‌ను మొన్ననే ఇంటి వెనకున్న మెట్టచేలో, ఆ చెలకలోనే బొందపెట్టారు. ఫోనంటే ప్రాణం కదా అని, బీడీకట్టతో పాటు అదీ పక్కన పెట్టి మట్టి పోశారు.

"వైఫై పెట్టె మార్చు. దాని పేరు గూడ మార్చు." ఆమె గొంతు తగ్గించింది. "ఇంట్ల ఫోన్లన్నీ బంద్ చేసినా పెట్టె మీది లైటు కొట్టుకుంటనే ఉన్నది. అది కొట్టుకున్నప్పుడల్లా బిడ్డకు జరమొస్తున్నది."

మూలన మంచంలో చిన్నారి కీర్తన గొంగడి కింద వణుకుతోంది.

"మట్టిల పెట్టిన ఫోన్‌ల చార్జింగ్ ఎప్పుడో అయిపోయుంటదక్కా. పాత పెట్టెలు గిట్లనే సతాయిస్తయి."

ధైర్యం చెబుదామని పని చేస్తూనే మాటలు కలిపాడు. "మొదట్ల తీగ ఉన్నకాడనే నెట్. తర్వాత గాలిల వచ్చింది గని, గోడ దాటితే నీరసమే. గీ నాలుగు కొమ్ముల కొత్త పెట్టె చూడు, చెలక దాకా అందుతది."

అన్నాక నాలుక కరుచుకున్నాడు.

పేరు మార్చాలి. మారిస్తే ఇంట్లో ప్రతి ఫోన్‌లో పాస్‌వర్డ్ మళ్లీ కొట్టాలి. ఒకటి కలవకపోతే రేపు మళ్లీ రమ్మంటారు. పాత పేరు, పాత పాస్‌వర్డ్ ఉంచితే, ఎరిగిన ఫోన్లు వాటంతటవే వచ్చి కలుస్తాయి. ఈ పనిలో అందరూ చేసేదే. అలసిన వేళ్లు పాతవే కొట్టాయి.

"మార్చినవా?"

"మార్చినక్కా."

లైటు నిలకడగా వెలిగింది. మంజుల దేవుని పటానికి దండం పెట్టుకుంది.

అప్పుడు... లైటు కొట్టుకుంది.

మహేందర్ తన ఫోన్‌లో చూశాడు. పెట్టెకు ఇంకో ఫోన్ కలిసింది. ఐలేశ్ పేరుతో ఉన్నది. పక్కన ఒక్క గీత. దూరంగా ఉంటే ఒకటే గీత. దగ్గరికొచ్చిన కొద్దీ పెరుగుతాయి.

రెండు గీతలు.

ఫోన్లకు కాళ్లుండవు. ఎవరో పట్టుకొస్తే తప్ప...

మూడు. వెనక తలుపు వైపు నుంచి తడిమట్టి వాసన... దాంతో బీడీ వాసన.

"తమ్మీ... ఏందట్ల చూస్తున్నవ్?"

నాలుగు. నిండా.

తీగ పీకేశాడు. లైటు ఆరింది. చూరునీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కీర్తన వణుకు ఆగింది. మంజుల బిడ్డ నుదురు తడిమింది.

"జరం దిగింది... పోయినట్టేనా తమ్మీ?"

మహేందర్ వెనక తలుపు వైపు చూశాడు. ఆ చివరి గీత పడ్డప్పుడు అది ఈ గదిలోనే ఉంది. పోవడం మాత్రం అతను చూడలేదు.

సంచి భుజాన వేసుకొని వాకిట్లోకి వచ్చాడు. గోడ మీద పెట్టిన అన్నంలో మెతుకు మిగల్లేదు. ఏ కాకో ముట్టి ఉండొచ్చు... వీరన్న దయ.

కానీ విస్తరి మడతపెట్టి ఉంది. కాకి మడతపెట్టదు కదమ్మా.