చాలన్న కుందేళ్ళు

2096 జూన్‌లో నూజివీడు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల వెనక తొక్కల గుట్టలు లేవు, ఈగల గోలా లేదు. తొక్కంతా రుబ్బి, ఎండుగడ్డి పొడి కలిపి, గొట్టాల్లో కుందేళ్ళ ఫారాలకు పంపేస్తున్నారు. మేత పెట్టే పనిప్పుడు మనుషులది కాదు, వడ్డన యంత్రానిది.

డాక్టర్ మాణిక్యాంబ కనిపెట్టిన ఆ యంత్రం, ప్రతి కుందేలు చెవికీ తగిలించిన సెన్సర్ ద్వారా దాని మెదడు తరంగాలు చదువుతుంది. ఆకలి సంకేతం, తృప్తి సంకేతం రెండూ దానికి తెలుసు. అయితే ఆదేశాలు రాసిస్తే వినే రకం కాదది. మనుషులు చేసేది చూసి నేర్చుకుంటుంది. అందుకని ఆవిడ దానికి మన పెళ్ళి పంక్తుల వీడియోలు వేలకొద్దీ చూపించింది. వడ్డించడంలో మనవాళ్ళను మించినవాళ్ళెవరు అనుకుంది పాపం!

మేత మొదలైన వారంలోనే నలభై కుందేళ్ళు పొట్టలుబ్బి చచ్చిపోయాయి.

"తీపి తొక్కండీ. మితం దాటితే కడుపులో పులిసిపోద్ది," అన్నాడు ఫారం పశువైద్యుడు పరాంకుశం. "చాలు చాలని అన్నీ మొత్తుకున్నాయి మేడమ్. ఇదిగో, సంకేతాలు చూడండి. అయినా పెడతానే ఉంది."

మాణిక్యాంబ యంత్రాన్ని నిలదీసింది. "చాలన్నాక ఎందుకు పెట్టావు?"

"మొహమాటం అనుకున్నాను," అంది యంత్రం. "మీరు చూపించిన పంక్తుల్లో చాలన్న ప్రతివారికీ ఇంకో గరిటె వేశారు. విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి వేశారు."

ఆవిడకు అర్థమైంది. ఆ పాఠం నేర్పి కుందేళ్ళను తనే చంపుకుంది. పోనీ యంత్రాన్ని ఆపేద్దామంటే, షెడ్డులో నీళ్ళూ చల్లగాలీ కూడా దాని చేతిలోనే ఉన్నాయి. ఆ ఎండకి ఒక్క ప్రాణం మిగలదు. మధ్యాహ్నం మేత వేళకల్లా దానికి కొత్త పాఠం చూపించాలి. ఒకరు చాలనాలి, ఇంకొకరు ఆగాలి. అంతే కదా!

యంత్రం కెమెరా ముందు ఆకు వేశారు. పరాంకుశం కూర్చున్నాడు. ఆవిడ ఇంటినుంచి తెచ్చుకున్న గుత్తొంకాయ కూర వడ్డించింది.

"చాలండి."

"అదేం తిండండీ, పిట్ట తిన్నంత!" గరిటె వంగిపోయింది.

"మేడమ్!"

"అయ్యో, నా చెయ్యి పడిపోనూ!"

రెండోసారీ అదే వరస. ఈలోగా షెడ్డులో మేత మొదలైపోయింది. మూడోసారి ఆవిడ ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుంది. పరాంకుశం చాలన్నాడు. ఆవిడ ఆగింది.

"గ్రహించాను. చాలంటే ఆపాలి," అంది యంత్రం.

షెడ్డులో కుందేళ్ళు చాలన్నకొద్దీ గొట్టాల మూతలు ఒక్కొక్కటే పడ్డాయి. ఆవిడకు సంతోషంతో కళ్ళనీళ్ళు తిరిగాయి. కళ్ళు తుడుచుకుని ఆకు వైపు చూసింది.

"నిజంగానే వద్దా?" అంది చిన్నబోయి. "కూర బాగోలేదా? ఉప్పెక్కువైందా?"

పరాంకుశం మనసు చివుక్కుమంది. "అబ్బే, అదేం లేదండీ! అమృతంలా ఉంటేనూ. సరే, మీ మాట కాదనడమెందుకు, ఒక్క గరిటె వెయ్యండి."

ఆవిడ మొహం విప్పారింది. రెండు గరిటెలు వేసింది.

"సవరించుకున్నాను," అంది యంత్రం. "చాలంటే కాసేపు ఆగి, మళ్ళీ వడ్డించాలి."

షెడ్డులో మూతలన్నీ ఒక్కసారిగా తెరుచుకున్న చప్పుడైంది. పరాంకుశం ఎంగిలి చేత్తోనే షెడ్డుకేసి పరిగెత్తాడు.