దూరం లేని దెబ్బ

పెద్దారవీడు దాటి అడవి వైపు పోయే దారిలో ఆ పల్లె ఉంది. సాయంత్రం వాన వెలిసింది. చర్చి పక్క గదిలో పెట్టిన భూకంపం మిషన్ని విప్పి తీసుకుపోవడానికి ఝాన్సీ వచ్చింది. భూమి అదురును కొలవడం ఆమె ఉద్యోగం. ఈ పల్లెకు మళ్ళీ రావాలని మాత్రం ఆమెకు లేదు.

పోయిన నెల ఇక్కడ వరసగా భూమి అదిరింది. జనం భయపడి చర్చి ముందు పట్టలు కట్టుకుని పడుకున్నారు. అందులో ఒక అదురును ఉత్తరాదిలో భూకంపాలు కొలిచే కేంద్రం తీవ్రత నాలుగు దాటిందని లెక్క కట్టింది. ఝాన్సీ లెక్కకు అది మూడు కూడా రాలేదు. ఇక్కడి గట్టి రాతిలో అదురు అంత త్వరగా తగ్గిపోదు, చాలా దూరం పోతుంది. మెత్తటి నేలలకు కట్టిన సూత్రంతో కొలిస్తే పెద్దదిగా కనపడుతుంది. అందుకే అలా వచ్చి ఉంటుందనుకుంది. అనుకుంది, అంతే. ఈ ప్రాంతానికి సరిపడే సూత్రం ఎవరి దగ్గరా లేదు.

ఆ రోజు మబ్బు పట్టింది. పలకరాయి గనిలో పనిచేసే దేవదానం వచ్చి అడిగాడు.

"ఏందమ్మా, ఇంట్లో పండుకోవచ్చా? మా మణెమ్మకు దగ్గు. తడిస్తే తట్టుకోలేదు."

"చిన్నదే అన్నా. భయం లేదు, పడుకోండి."

ఏ లెక్క నిజమో నాకూ తెలియదని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అనలేదు. చదువుకున్న మనిషి తెలియదంటే బాగుండదనిపించింది.

ఆ రాత్రే వచ్చిన అదురుకు వాళ్ళ బండల మిద్దె కూలింది. ఆయన భార్య మణెమ్మ మంచినీళ్ళకు బయటికి వచ్చి బతికింది. దేవదానం బండల కింద ఉండిపోయాడు.

ఇప్పుడు ఈ గదిలో తడిసిన సున్నం వాసన. కరెంటు లేదు. లాప్‌టాప్ వెలుగులోనే ఝాన్సీ వైర్లు సర్దుతుంటే మణెమ్మ టీ గ్లాసుతో వచ్చింది.

"వచ్చినావా బిడ్డా. వేడిగా ఉంది, తాగు."

ఝాన్సీ తల ఎత్తలేకపోయింది. "పెద్దమ్మా, ఆ రోజు నేను..."

"నువ్వేం చేస్తావులే. మిషన్ చెప్పింది, నువ్వు చెప్పినావు."

మిషన్ అలా చెప్పలేదు. ఝాన్సీ టీ గ్లాసును మిషన్ పక్కన పెట్టేసింది.

"తెల్లారేదాకా లోపల్నుంచి రాయితో కొట్టినాడమ్మా," అంది మణెమ్మ మెల్లగా. "రెండు దెబ్బలు కొట్టేది, ఆపేది. మేం తీసేలోపల ఆగిపాయ."

ఆమె వెళ్ళి చర్చి మెట్ల మీద కూర్చుంది. ఝాన్సీ మిషన్ ఆపబోతూ తెర వైపు చూసింది.

గీత నున్నగా సాగుతోంది. ఉన్నట్టుండి లేచింది. రెండు దెబ్బలు. ఆగింది. మళ్ళీ రెండు...

ఎవరైనా నడుస్తున్నారా? కిటికీలోంచి చూసింది. మణెమ్మ కదలకుండా కూర్చుని ఉంది. వీధిలో ఎవరూ లేరు. చప్పుడు లేదు. కానీ అరికాళ్ళకు తెలుస్తోంది.

తమ గిద్దలూరు ఆఫీసులో మిషన్ చూసే సురేష్‌కి ఫోన్ చేసింది.

"సురేష్... నీకేమన్నా కనపడుతోందా?" గుసగుసగా అడిగింది.

"ఆ అక్కా. రెండేసి దెబ్బలు."

"ఎంత దూరం?"

ఒక్కో అదురులో మొదటి అలకూ రెండో అలకూ మధ్య ఎడం ఎంత తక్కువైతే అది అంత దగ్గరని లెక్క. ఫోన్లో సురేష్ కీబోర్డు చప్పుడు వినపడింది.

"ఎడమే లేదక్కా. మా గది కిందనే."

"కాదు... నా కింద..."

నేల మళ్ళీ తట్టింది. ఈసారి గట్టిగా. గ్లాసులో టీ వణికింది.

ఝాన్సీ బయటికి పరుగెత్తింది. మెట్ల దగ్గర మణెమ్మ కాళ్ళ ముందు కూలబడింది.

"పెద్దమ్మా, మిషన్ చెప్పలేదు. చిన్నదో పెద్దదో నాకు తెలియదు. తెలియకుండానే చెప్పినాను. నా వల్లనే..."

మణెమ్మ ఆమెనే చూసింది. కోపం లేదు. ఏడుపు లేదు.

"నాకెందుకు చెప్తావు?" అంది. "అడిగింది ఆయన గదా. ఆయనకు చెప్పు."

అని లేచి, తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

ఝాన్సీ ఆ గదిలోకి మళ్ళీ పోలేదు. మిషన్ని అక్కడే వదిలేసి కారెక్కింది.

పొద్దున ఎండ బాగా వచ్చాక గిద్దలూరు ఆఫీసుకు పోయింది. సురేష్ నిద్రపోయినట్టు లేడు. కోస్తా ఇసుక నేలల నుంచి, గుంటూరు నల్లరేగడి నుంచి, హిమాలయాల నుంచి, అస్సాం నుంచి వచ్చిన గీతలన్నీ తెర మీద పరిచాడు.

"ఎప్పుడైనా రెండు కేంద్రాల లెక్క కలిసిందా అక్కా? దీనికి అన్నీ కలిసినాయి. ఎక్కడా ఒక్క రవ్వ తేడా లేదు."

"దూరం?"

"ఎక్కడా దూరం లేదు. ప్రతి చోటా సరిగ్గా కిందనే."

ఝాన్సీ చెప్పులు విడిచి, కాళ్ళు రెండూ మెల్లగా కుర్చీ మీదికి తీసుకుంది.

సురేష్ ఆమె కుర్చీ కింద నేల వైపే చూస్తూ, తన కాళ్ళు కూడా పైకి తీసుకున్నాడు.