టెంక గ్లాసులో నీళ్ళు

కళ్యాణికి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే, తన చేతి మీదుగా అత్త ప్రాణం పోతుందని. అత్త తాగే నీళ్ళు రోజూ కొలిచి ఇచ్చేది తనే మరి.

సన్యాసమ్మకి కిడ్నీలు పాడై రెండేళ్ళయింది. వారానికి మూడుసార్లు డయాలసిస్. రోజుకి ముప్పావు లీటరుకి మించి నీళ్ళు తాగకూడదు. ఊరు కవిటి, చుట్టూ కొబ్బరితోటలే, కొబ్బరినీళ్ళ చుక్క మాత్రం నాలుకకి తగలకూడదు. పొద్దున్న లేవగానే కళ్యాణి సీసాకి గోళ్ళరంగుతో గీసిన గీత దాకా క్యాను నీళ్ళు పోసి అత్త మంచం పక్కన పెట్టేది. ఆ రోజూ అలాగే పెట్టింది.

నెలన్నర కింద, విశాఖపట్నం హోటల్లో పనిచేసే ఆడపడుచు సుధారాణి అవకాడో పళ్ళు తెచ్చింది. ఉల్లి, పచ్చిమిర్చి, టమాటా, నిమ్మరసం వేసి పిసికి పచ్చడి చేసింది. హోటల్లో దాన్ని గ్వాకమోలీ అంటారట.

"ఎన్నలాగుంటాది వదినా, ఒంటికి బలం. అమ్మకెట్టు."

కళ్యాణి డయాలసిస్ సెంటర్ నర్సుకి ఫోన్ చేస్తే, కొబ్బరినీళ్ళలాగే దీన్లోనూ పొటాషియం ఎక్కువ, గుండెకి ముప్పు, వద్దే వద్దంది.

"అయితే నా వంతుకి టెంకేనేటే?" అని నవ్వింది సన్యాసమ్మ.

కళ్యాణి కూతురు, ఆరేళ్ళ ప్రియ ఆ టెంకకి మూడు చీపురుపుల్లలు గుచ్చి, నీళ్ళ గ్లాసు మీద నిలబెట్టి, మామ్మ మంచం పక్క కిటికీలో పెట్టింది. ఈమధ్యే టెంక పగిలి తెల్లటి వేరు దిగింది.

సీసా పెట్టొచ్చిన ఆ పొద్దున డయాలసిస్ దగ్గర తూకం చూసి నర్సు కసిరింది. "మళ్ళీ మూడు కేజీలు ఎక్కువ! నీళ్ళెవరిస్తున్నారమ్మా? ఇలాగైతే ఊపిరితిత్తుల్లోకి నీరు దిగి మనిషి దక్కదు."

మధ్యాహ్నం దాటాక అత్తాకోడళ్ళు కళ్యాణి భర్త ఈశ్వర్ నడిపే ఆటోలో ఇల్లు చేరారు. గుమ్మంలోకి అడుగు పెట్టగానే కళ్యాణికి కనిపించింది, మంచం దగ్గర చెంబుతో ప్రియ.

"ఏటే అది?"

"మొక్కకమ్మా. రోజూ పొద్దున్న నిండా పోత్తే బడి నుంచొచ్చేతలికి సగం తాగేత్తంది."

"అబద్ధాలొకటా! మామ్మకే పోత్తన్నావు కదూ?" చెంప ఛెళ్ళుమంది.

"నాను పొయ్యనేదు! ఒట్టమ్మా!" పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది.

"సంటిదాన్ని కొడతావేటే?" ఈశ్వర్ కూతుర్ని ఎత్తుకున్నాడు.

"మీ అమ్మకేటైనా అయితే ఊరు నన్నే కదా అంటాది! నీళ్ళిచ్చి సంపేసిందంటారు, ఇవ్వక సంపేసిందనీ అంటారు. నాను ఏటి సెయ్యాలి?"

అంతలో ఈశ్వర్ వెనకే గోడ పట్టుకుని వచ్చిన సన్యాసమ్మ మంచం మీద కూలబడింది.

"దాన్నొగ్గీయే. నానే తాగీసినాను."

ఆమె కిటికీలోని గ్లాసు వైపు వేలు చూపింది.

"రోజూ, ఈ పొద్దున ఆస్పత్రికెల్లేముందు కూడా, టెంక పైకెత్తి తాగీసి మళ్ళీ ఎట్టీసినాను. నీ సీసాకి గీతుంది. దీనికి గీత నేదు కదే." ఆమె ఎవరి మొహమూ చూడలేదు. "నోరు పిడస కట్టీత్తాది. తోటల్లో మోటారు సప్పుడినిపిత్తే పేణం లాగీత్తాది."

"నన్నడగొచ్చు కదత్తా?"

"అడిగితే ఇయ్యవు. ఇయ్యనేక సాటుకెల్లి ఏడుత్తావు. నీ ఏడుపు సూళ్ళేకే."

కళ్యాణి నేల మీద కూర్చుండిపోయింది. రెండేళ్ళలో బరువెంత, బీపీ ఎంత, సీసాలో ఎంత మిగిలింది అని రోజూ అడిగింది. దాహంగా ఉందా అని ఒక్కనాడూ అడగలేదు. అడగాలంటేనే భయం.

ప్రియని ఒళ్ళోకి లాక్కుని కందిన చెంప నిమిరింది. తర్వాత లేచి సీసాలోంచి కొంచెం నీళ్ళు ఐసు ట్రేలో పోసి ఫ్రిజ్‌లో పెట్టింది. సాయంత్రం చిన్న ముక్క ఒకటి అత్త నాలుక మీద పెట్టింది. సన్యాసమ్మ కళ్ళు మూసుకుని చాలాసేపు చప్పరించింది. వాకిట్లో ప్రియ పాత బకెట్‌లో మట్టి నింపి టెంక పాతుతోంది.

"దానికైనా కొలిసి పొయ్యకండర్రా," అంది ముసలామె.

నవ్వబోయిన కళ్యాణికి ఏడుపొచ్చింది. ఈసారి అత్తకి కనబడేలాగే ఏడ్చింది.

మీకు తెలిసిన ఇంట్లో నీళ్ళు కొలుచుకుని తాగే మనిషి ఉంటే, ఇది చదివాక ఒక్కసారి వెళ్ళి చూసి రండి. కాసేపు పక్కన కూర్చుని, దాహంగా ఉందా అని అడగండి.