బల్ల చివర చెయ్యి

"రేవతీ... ఓ రేవతీ. కాస్త తలెత్తమ్మా, కళ్లు పోతాయి."

పాప తలెత్తలేదు. పెన్సిలు కాగితం మీద గరగరమంటూనే ఉంది. మిగిలిన పిల్లలు కూడా తల దించుకుని గీస్తూనే ఉన్నారు. మెర్లిన్ నవ్వుకుంది. ఈ కోతిమూక ఇంత బుద్ధిగా కూర్చోవడం ఇదే మొదలు.

ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు పోతే వచ్చే చిన్న పల్లె అది. ఊరి చివర తుఫాను షెల్టర్ ఉంది. తుఫాను లేనప్పుడు అందులో వలలు ఆరేసుకుంటారు, పెళ్లిళ్లకి వంటలు చేసుకుంటారు. శనివారం సాయంత్రాలు మాత్రం మెర్లిన్ పిల్లలకి బొమ్మలు నేర్పిస్తుంది. డిగ్రీ మధ్యలో ఆపేసిన పిల్ల. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్న విద్యే అంతా. ఊరికే ఇంట్లో కూర్చుంటే విజయభాస్కర్ గుర్తొస్తాడు, అందుకే ఈ పని పెట్టుకుంది. ఆ సంగతి ఎవరికీ తెలీదు.

భాస్కర్ రొయ్యల గుంటల మీద పనికి పోయేవాడు. ఎండాకాలంలో ఒకరోజు గుంట గట్టు మీద నిలబడి, "నేనంటే ఇష్టమేనా మెర్లిన్? ఒక్క మాట చెప్పు చాలు" అని అడిగాడు. వాళ్లది గుడి, వీళ్లది చర్చి. ఇళ్లలో ఎంత గొడవవుతుందో ఆమెకి తెలుసు. "చెప్తాలే" అంది. ఆ వారంలోనే గుంటలో వైరు తెగిపడి కరెంటు కొట్టింది. నీళ్లలోనే ప్రాణం పోయింది. చెప్పాల్సిన ఆ ఒక్క మాట మెర్లిన్ గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఒక్కసారి కనిపించనీ ప్రభువా, చెప్పేస్తాను, అని దుప్పటి నోట్లో కుక్కుకుని ప్రార్థన చేసిన రాత్రులు ఎన్నో.

ఇన్నాళ్లూ పిల్లలు ఏ బొమ్మ వెయ్యమన్నా రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు. అందుకే ఈరోజు వస్తువుల్ని ఎదురుగా పెట్టి చూసి గీయడం నేర్పాలనుకుంది. గది మధ్యలో బల్ల వేసింది. కొత్త తువ్వాలు మడత విప్పి దాని మీద పరిచింది. స్టీలు పళ్లెంలో వేయించిన చేప, పక్కన గ్లాసు నిండా నీళ్లు, రెండు అరటిపళ్లు. వాయుగుండం పట్టి పొద్దున్నుంచీ వాన, కరెంటు లేదు. నీడలు బాగా పడతాయని కిటికీలు, తలుపు మూసేసి ఒక కిరసనాయిలు దీపం వెలిగించి బల్లకి ఒక చివర పెట్టింది. దీపం ఉన్న వైపు ఎవరినీ కూర్చోనివ్వలేదు. మిగతా మూడు వైపులా పిల్లలు సర్దుకున్నారు.

"తెలిసింది గీయొద్దు. కంటికి ఏది కనిపిస్తే అదే గీయండి. మీరు కూర్చున్న చోటు నుంచి ఎట్ల కనిపిస్తే అట్లే. అయిపోయేదాకా ఎవురూ ఏదీ ముట్టుకోవద్దు."

"వాసనకే ఆకలైతా ఉండాదక్కా," అన్నాడు మాల్యాద్రి.

"నీ బొమ్మలో చేపని తిను."

"వాడి చేప కుక్కపిల్ల మాదిరి ఉండాదక్కా. అదే వీణ్ణి కరుస్తాది," అంది అబిగయీలు. అందరూ పకపకా నవ్వారు.

ఆ నవ్వులు ఎప్పుడు ఆగిపోయాయో మెర్లిన్ గమనించలేదు. పిల్లలు బల్ల వైపు చూడడం, గీయడం, మళ్లీ చూడడం. బయట వాన. దాని వెనక సముద్రం హోరు.

తలుపు కిర్రుమంది. యూరియా సంచి నెత్తిన కప్పుకుని మాల్యాద్రి అవ్వ రాఘవమ్మ వచ్చింది, పిల్లల్ని ఇళ్లకి తీసుకుపోడానికి. గడపలోనే ఆగిపోయింది.

"ఎవురికి పెట్టినావు మ్మా?" అంది, గొంతు తగ్గించి.

"పెట్టడమేందవ్వా? బొమ్మలు గీయిస్తా ఉండా."

"కొత్త గుడ్డ పరిచినావు. చేప, నీళ్లు, దీపం. తలుపు మూసి ఎవురూ ముట్టుకోకుండా కాచినావు. పోయినోళ్లకి మేం ఇట్లనే గదా పెట్టేది. పేరు చెప్పి పిలిచి మరీ పెడతాం. నువ్వు ఎవురి పేరు చెప్పినావు?"

చర్చికి పోయే ఇల్లు మెర్లిన్ వాళ్లది. ఆ ఇంట్లో ఇలాంటివి లేవు. "ఎవురి పేరూ చెప్పలేదవ్వా."

రాఘవమ్మ మొహం పాలిపోయింది. "పేరు లేకుండా పెట్టకూడదు మ్మా," అని మాత్రం అంది. తర్వాత పిల్లల వైపు తిరిగి, "లెయ్యండి. ఎనక్కి చూడకుండా రాండి," అంది. కాగితాలు ఎక్కడివక్కడే వదిలేసి అందరూ వెళ్లిపోయారు. రేవతి ఒక్కటే మిగిలింది. ఆ పాపది మెర్లిన్ పక్కిల్లు. ఎప్పుడూ ఆమెతోనే పోతుంది.

మెర్లిన్ కాగితాలు ఏరి దీపం దగ్గరికి తెచ్చింది.

మాల్యాద్రిది తీసింది. కుక్కపిల్ల లాంటి చేప. బల్ల అంచున, తువ్వాలు మీద... ఒక చెయ్యి.

వెధవ, అనుకుంది. అబిగయీలు కాగితం తీసింది. అందులోనూ చెయ్యి. మూడోదాంట్లోనూ. నాలుగోదాంట్లోనూ.

కాగితాలు పట్టుకుని ఒక్కొక్కరు కూర్చున్న చోటికి వెళ్లి తనూ కూర్చుని చూసింది. ఎడమవైపు వాళ్ల బొమ్మల్లో బొటనవేలు ముందుకుంది. కుడివైపు వాళ్లకి మోచెయ్యి కనిపిస్తోంది. ఎదురు కూర్చున్న వాళ్ల బొమ్మల్లో వేళ్లు ఇటువైపే చాచి ఉన్నాయి. కూడబలుక్కుని అందరూ ఒకే అబద్ధం గీయొచ్చు. కానీ ఎవరి చోటు నుంచి వాళ్లకి కనిపించేట్టు గీయడం... గ్లాసు మూతి గుండ్రంగా తిప్పడమే రాని పిల్లలు.

చెయ్యి ఉన్నది దీపం వైపు. ఎవరినీ కూర్చోనివ్వని వైపు.

అప్పుడు వాసన తగిలింది. గుంట అడుగు బురద వాసన. పని నుంచి వచ్చేటప్పుడు భాస్కర్ బట్టల్లో ఉండే వాసన.

మెర్లిన్ ఒళ్లు జలదరించింది. భయమో సంతోషమో ఆమెకే తెలీలేదు. మళ్లీ బొమ్మలు చూసింది. అన్నిట్లోనూ చిటికెన వేలు గ్లాసు చాటునో, మిగతా వేళ్ల చాటునో ఉంది. చిన్నప్పుడు ఇంజను బెల్టులో పడి భాస్కర్ చిటికెన వేలు సగం తెగిపోయింది. ఆ వేలు కనిపించే చోట కూర్చున్నది రేవతి ఒక్కటే. తన కాగితం మీద రెండు చేతులూ బోర్లించి పెట్టుకుంది.

"రేవతీ... ఆ చెయ్యి చూసినావు గదా. చిటికెన వేలు ఎట్ల ఉండాది?"

పాప ఆమెని చూడలేదు. దీపం వైపు చూసింది. తల మెల్లగా ఆ పక్కకి వంచింది. ఎవరో వంగి చెవిలో ఏదో చెప్తుంటే వింటున్నట్టు.

ఆ తర్వాత అంది. "సగమే ఉండాది."

మెర్లిన్ దీపం వైపు తిరిగింది.

"భాస్కర్... నువ్వేనా?"

దీపం వంగింది. లేచింది.

"ఇష్టమే. ఆరోజే ఇష్టం. నోరు రాలేదు, అంతే. ఇంక ఎవురికీ భయపడను. నాతో రా. ఇంటికి రా భాస్కర్. ఎప్పటికీ నాతోనే ఉండు."

గ్లాసులో నీళ్లు మెల్లగా దిగసాగాయి. సగం. ఇంకా కిందికి.

మణికట్టు మీద చల్లగా తగిలింది. ఆమె కళ్లు మూసుకుని నవ్వింది. ఆ చల్లదనం చుట్టూ తిరిగింది. బిగిసింది. కాస్త ఎక్కువగానే బిగిసింది...

"భాస్కర్, నొప్పి."

వదల్లేదు.

కళ్లు తెరిచింది. ఎదురుగా రేవతి. చప్పుడు లేకుండా ఏడుస్తోంది. గడ్డం కింద ఫ్రాకంతా తడిసిపోయింది.

"అక్కా... నన్ను కొట్టవు గదా?"

"ఏందమ్మా?"

పాప కాగితం మీద నుంచి చేతులు తీసింది. మెర్లిన్ వంగి చూసింది.

"నేను అబద్ధం చెప్పినానక్కా. వేళ్లన్నీ ఉండాయి," అంది రేవతి, పెదవులు కదిలీ కదలనట్టు. "సగమే ఉండాదని చెప్పు, నమ్ముతాది, అని... అదే నా చెవిలో చెప్పింది."