షాంటెల్ ఒంటికి తగ్గ హ్యాండిల్

శనివారం పొద్దున అంకమ్మ పెనం మీద రోటీ తిప్పుతుంటే గ్యారేజీలోంచి ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు వచ్చింది. టీ తాగుతున్న ఆమె మొగుడు చిన్నస్వామి ఉలిక్కిపడ్డాడు. సీ కౌ లేక్ అనే పేటలోని ఆ చిన్న ఇంటి గ్యారేజీలో ఉన్నది ఒక్కటే, ఆయన బరువైన క్రూజర్ బైకు. పక్షవాతంతో ఎడమ చెయ్యి పట్టు తప్పినప్పటి నుంచి క్లచ్ నొక్కలేక ఆయన దాన్ని నడపడం మానేశాడు. కానీ ఆదివారం వస్తే చాలు, కుడిచేత్తో అద్దంలా తుడిచి పెట్టేవాడు.

కర్ర ఊతంతో వెళ్లి చూస్తే, కూతురు షాంటెల్ హ్యాండిల్ బోల్టులు విప్పుతోంది. ఎత్తుగా, వెనక్కి వంగి ఉన్న మరో హ్యాండిల్ నేల మీద పడి ఉంది.

"ఎక్కడిది అది?"

"మోరిస్ అంకుల్ ఇచ్చాడు నాయనా. ఆయన పాత బండిది."

మోరిస్, మొబేనిలోని ఫ్యాక్టరీలో చిన్నస్వామితో కలిసి పనిచేసిన స్నేహితుడు. అయినా చిన్నస్వామి ముఖం నల్లబడింది. "తీసింది తీసినట్టు బిగించెయ్. నా బండిలో ఏదీ మార్చొద్దు."

షాంటెల్ నర్సు. తెల్లవాళ్ల పాలన పోయి, ఎన్నికలయ్యి కొత్త ప్రభుత్వం వచ్చాక, ఏ జాతి వాళ్లు ఎక్కడ పనిచెయ్యాలన్న పాత కట్టుబాట్లు సడలిపోయాయి. ఆమె కోరి మరీ ఇనాండా ఊరవతల కొండల్లో, నల్లవాళ్ల పల్లెల క్లినిక్‌కి బదిలీ వేయించుకుంది. సోమవారమే చేరాలి. జనాన్ని చేరవేసే టాక్సీ వ్యాన్ల వాళ్ల తగాదాల్లో తుపాకులు పేలాక ఆ దారిన టాక్సీ అన్నది తిరగడం లేదు. ఇక మిగిలింది బైకే. చిన్న బైకు మీద ఆమెకు నడపడం నేర్పింది కూడా చిన్నస్వామే.

"ఐకోనా, కుదరదు! ఆడపిల్ల బైకెక్కి ఆ కొండల్లోకా? వద్దంటే వద్దు!" వంటింట్లోంచి అంకమ్మ అరిచింది.

"కాన్పుకొచ్చేవాళ్లు నడిచొస్తారమ్మా అక్కడికి. టాక్సీ లేదని నేను ఇంట్లో కూర్చోనా?"

"బైకు తీసుకెళ్లు, నేను వద్దనను," అన్నాడు చిన్నస్వామి. "కానీ హ్యాండిల్, ఫుట్‌రెస్టులు నేను పెట్టుకున్నట్టే ఉండాలి. రేపు నా చెయ్యి బాగైతే నాది నాకు కావాలి."

"డాక్టర్ చెప్పింది నువ్వూ విన్నావు గదా నాయనా. ఆ చెయ్యి ఇంక..."

"చాలు!"

షాంటెల్ పెదవి కొరుక్కుంది. పాత హ్యాండిల్ బిగించి, నడిపి చూద్దామని బండి బయటికి తోసింది. పెనం మీది రోటీ మాడుతున్నా అంకమ్మ కదల్లేదు.

చిన్నస్వామి గేటు దగ్గర నిలబడి చూశాడు. ఆయనవి పొడుగు చేతులు, పొడుగు కాళ్లు. ఆ కొలతకి అమర్చిన బండి మీద పొట్టిదైన కూతురు హ్యాండిల్‌ని అందుకోవడానికి విల్లులా వంగిపోయింది. కాళ్లు ముందుకి చాచినా ఫుట్‌రెస్టుల మీద బూట్ల కొసలే ఆనుతున్నాయి. మలుపు దగ్గర ఆగాల్సి వచ్చి కాలు దించబోయింది. మునివేళ్లే నేలకి తగిలి, గులకరాళ్ల మీద జారాయి. బండి మెల్లగా ఒరిగి ఆమెతో సహా పడిపోయింది.

చిన్నస్వామి చేతిలోని కర్ర ఎక్కడ జారిందో ఆయనకే తెలియదు. కాలీడ్చుకుంటూ అక్కడికి చేరాడు. కూతురి మోచెయ్యి గీరుకుపోయిందంతే. కానీ షాంటెల్ ఏడుస్తోంది.

"నాకు నడపడం వచ్చు నాయనా. ఇది నా ఒంటికి సరిపడటం లేదు, అంతే."

చిన్నస్వామి ఆమె చేతికంటిన మట్టి దులిపాడు. ఇన్నాళ్లూ బండిని తన కోసమే దాచుకుంటున్నానని అనుకున్నాడు. తను దాచుకున్నది పక్షవాతం రాకముందటి తన ఒంటిని. దాని కోసం బిడ్డని రోడ్డు మీద పడేశాడు.

"పద, గ్యారేజీకి," అన్నాడు చివరికి. "ఏమే, నువ్వూ రా. బండి కదలకుండా పట్టుకో."

అంకమ్మ సణుగుతూనే వచ్చి పట్టుకుంది. షాంటెల్ ఎక్కి కూర్చుంది.

"కళ్లు మూసుకో. నడుము నిటారుగా పెట్టు, భుజాలు వదిలెయ్. ఇప్పుడు చేతులు ముందుకి తీసుకురా. ఎక్కడ సుఖంగా ఉంటే అక్కడ ఆపు."

ఆమె చేతులు పాత హ్యాండిల్‌కి జానెడు ఇవతలే ఆగిపోయాయి. ఆ ఖాళీని చిన్నస్వామి చాలాసేపు చూశాడు. తర్వాత కుడిచేత్తో పానా అందుకున్నాడు. ఒంటిచేత్తో తిరగని బోల్టులు షాంటెల్ తిప్పింది. కొత్త హ్యాండిల్ సరిగ్గా ఆమె అరచేతుల కిందికొచ్చింది. ఫుట్‌రెస్టులు వెనక్కి జరిగాయి. సీటు ఎత్తు తగ్గించాలంటే లోపలి స్పాంజి కొయ్యాలి. వద్దన్న అంకమ్మే రొట్టె కోసే కత్తి తెచ్చి కూర్చుంది.

"ఇంకొంచెం కొయ్యనా తల్లీ?"

"చాలమ్మా. చూడు, పాదాలు పూర్తిగా ఆనాయి."

"మణికట్లు లాగుతున్నాయా? నడుమో?" అడిగాడు చిన్నస్వామి.

"లేదు నాయనా. ఇలా రోజంతా కూర్చోగలను."

"దిగు. నేనొక్కసారి ఎక్కుతా."

తల్లీకూతుళ్లు చెరోపక్కా పట్టి ఎక్కించారు. మోకాళ్లు హ్యాండిల్‌కి కొట్టుకున్నాయి, మోచేతులు పక్కటెముకల్లోకి ముడుచుకున్నాయి. ఎన్నో ఏళ్లు నడిపిన బండి మీద ఆయన ఎవరింటికో వచ్చినవాడిలా కూర్చున్నాడు. కళ్లు నిండి కారిపోయాయి.

షాంటెల్ గాభరా పడింది. "మళ్లీ పాతదే బిగిస్తాను నాయనా."

"వద్దు తల్లీ. ఇప్పుడే సరిగ్గా ఉంది."

షాంటెల్ తండ్రి కళ్లు తుడిచింది. "అయితే వెనక్కి జరుగు."

చిన్నస్వామి ఎన్నడూ వెనక కూర్చున్నవాడు కాదు. "మరి చేతులెక్కడ పెట్టుకోవాలి?" చిన్నపిల్లవాడిలా అడిగాడు.

షాంటెల్ ముందెక్కి, ఆయన ఎడమ చేతిని తన నడుం చుట్టూ తిప్పి కుడిచేతికి అందించింది. "దాన్ని దీంతో పట్టుకో. అలా సుఖంగా ఉందా?"

ఆయన తల ఆమె వీపుకి ఆనించాడు. "ఉంది తల్లీ. పోనియ్."